గోగ్రాసము – గోవు దంతములు



గోవునకు ప్రదక్షిణము చేయునప్పుడు మనము తోకను కన్నులకు అద్దుకొందుము. నుదుట పసుపు కుంకుమలు పెట్టుదుము. కొమ్ములకు పూలదండ చుట్టి, గిట్టలపై నీరు చల్లుదుము. సకల దేవతలును గోవు అంగములయందు కొలువై యున్నారని పెద్దల వలన విన్నవారము కావున ప్రతి అంగమునకును ఒక నమస్కారము చేయుదుము. అయితే ఆ తల్లి నోటిలో దంతములు ఎట్లున్నవో చూచినవారు మనలో ఎందరు?

దానముగా వచ్చిన గోవునకు పళ్ళు ఎంచరాదని లోకములో ఒక మాట కలదు. పుచ్చుకొనువాడు దాత మనస్సును నొప్పింపరాదని దాని తాత్పర్యము. అది మర్యాదకు సంబంధించిన మాట. గోవును పోషింపవలసిన వానికి అది వర్తింపదు. పళ్ళు చూడనివాడు ఆ గోవునకు ఏమి పెట్టవలెనో, ఎట్లు పెట్టవలెనో ఎరుగజాలడు. ఎదుట గడ్డి నిండుగా నున్నను దినదినము చిక్కిపోవు ముసలి గోవులు కలవు. తిండికి లోటు లేదు గదా, ఇది ఎందుకు కృశించుచున్నదని చూచువారు ఆశ్చర్యపడుదురు. ఆ ప్రశ్నకు సమాధానము పెక్కుమారులు గోవు నోటిలోనే యుండును. కావున గోవు దంతముల స్వరూపమేమి, అవి ఎట్లు చెడును, వాని రక్షణలో మన పాలు ఎంత అను విషయములను ఈ వ్యాసములో క్రమముగా తెలిసికొందము.

గోవు నోటి నిర్మాణము

పురుషసూక్తములో సృష్టిక్రమమును చెప్పు సందర్భమున ఋషి జంతువులను రెండు తెగలుగా విడదీసి చెప్పియున్నాడు. గుఱ్ఱములును, రెండు దవడలయందును దంతములు గల జంతువులును ఒక తెగ. గోవులు, మేకలు, గొఱ్ఱెలు మరియొక తెగ. మంత్రద్రష్టల చూపు ఎంత సూక్ష్మమైనదో గోవు నోరు తెరచి చూచినవారికి తెలియును. గోవునకు పై దవడ ముందుభాగమున పళ్ళే లేవు. ఆ చోట గట్టిపడిన దళసరి చిగురు పలక మాత్రమే యుండును. మేకకును, గొఱ్ఱెకును అంతే. నేటి జంతుశాస్త్రము కూడ ఈ మూడింటిని ఒకే కుటుంబములో చేర్చినది.

పూర్తిగా ఎదిగిన గోవునకు మొత్తము 32 దంతములు. వానిలో ముందుపళ్ళు 8. అవి అన్నియు క్రింది దవడయందే యుండును. తక్కిన 24 దవడపళ్ళు, పైన 12, క్రింద 12. ముందుపళ్ళకును దవడపళ్ళకును నడుమ పళ్ళు లేని ఖాళీచోటు చాల కలదు. దూడకు పాలపళ్ళు 20. అందు ముందుపళ్ళు 8, దవడపళ్ళు 12. ముందుపళ్ళలో కొన్ని పుట్టుకతోనే కనబడును. తక్కినవి మొదటి నెలలో వచ్చును.

గోవు గడ్డిని మనవలె కొరుకదు. పొడవైన గరుకు నాలుకతో గడ్డిపోచలను చుట్టి లోనికి లాగి, క్రింది పళ్ళకును పై చిగురు పలకకును నడుమ అదిమి, తల విసరుచు తెంపును. క్రింది పళ్ళు ఆ పలకను గాయపరుపకుండుటకై కొంచెము వదులుగానే అమరియుండును. వ్రేలితో తాకినప్పుడు అవి స్వల్పముగా కదలుట వ్యాధి లక్షణము కాదు. అట్లే నాలుకపైనను, బుగ్గల లోపలను ముండ్లవలె నుండు బుడిపెలు గోవునకు సహజములు. వానిని వ్యాధియని భ్రమించి గీకుట, కోయుట మహాపరాధము.

నాలుకతో చుట్టి మ్రింగు ఈ పద్ధతి వలన గోవునకు ఒక అపాయము కలదు. మన పెదవులవలె దాని నోరు మంచిచెడ్డలను ఏరి విడువజాలదు. గడ్డితో పాటు మేకు, తీగముక్క, ప్లాస్టిక్ సంచి ఏది వచ్చినను కడుపులోనికి పోవును. ఇనుపముక్క పొట్టగోడను చీల్చి, దాని ముందే యున్న గుండె దాక పోవుటయు కలదు. అరటిపండ్లను సంచితో సహా గోవు ముందు పెట్టి, నమస్కరించి వెడలిపోవువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

నెమరు – లాలాజలము

గోవు మొదట త్వరత్వరగా మేసి రూమెన్ అను పెద్ద పొట్టలో నింపుకొనును. పిదప నీడన విశ్రమించి, ఆ మేతను ముద్దలు ముద్దలుగా నోటికి తెచ్చుకొని నెమ్మదిగా నమలును. దినమునకు సుమారు 6 నుండి 8 గంటలు ఈ నెమరుకే గడచును. మేయుట, నెమరువేయుట కలిపి లెక్కించినచో దవడ ఒక దినములో 40,000 మారుల దరిదాపున కదలును. దవడపళ్ళ పైభాగమున నెలవంకల ఆకారముగల గట్టి గీరలు ఉండును. దవడ ప్రక్కకు కదలునప్పుడు పైగీరలును క్రిందిగీరలును తిరుగలి రాళ్ళవలె ఒరసికొని గడ్డి నలిగిపోవును. గీరలు పింగాణివంటి గట్టి పొరతో నేర్పడినవి. నడుమనున్న పదార్థము దానికంటె మెత్తన. మెత్తనిది ముందుగా అరిగి గట్టిది పైకి నిలుచుట వలన గీరలు మొండివారక వాడిగానే యుండును. తిరుగలికి మనము గంటు వేయించుకొనవలసి యుండగా, గోవు తిరుగలికి భగవంతుడు తనంతట గంటుపడు ఏర్పాటు చేసినాడు.

ఇక లాలాజలము. మనుష్యునకు దినమునకు ఒక లీటరు దరిదాపున ఊరును. పెద్ద శరీరము గల పాడియావునకు 100 నుండి 150 లీటర్ల వరకు ఊరును. ఇది క్షారగుణము గలది. వంటసోడాలో నుండు బైకార్బనేటును, దానితో పాటు ఫాస్ఫేటును ఇందు సమృద్ధిగా నున్నవి. పొట్టలో మేత పులియుట వలన పుట్టు ఆమ్లమును ఇది విరుచును. దంతములకు కూడ ఇదియే కవచము.

పుచ్చుపళ్ళు గోవునకు అరుదు – ఎందువలన?

పళ్ళు పుచ్చుట యనగా నేమో మొదట తెలిసికొనవలెను. నోటిలో మిగిలిన చక్కెరను, పిండిపదార్థమును సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి గట్టిపొరలోని ఖనిజమును కొంచెము కొంచెముగా కరిగించును. పొర కరిగిన చోట గుంట పడును. బెర్లినులో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు మిల్లరు ఈ క్రమమును 1890లో తన గ్రంథములో వివరించెను. మనుష్యులయందును పశువులయందును సూత్రము ఇదియే.

అయినను గోవునకు పుచ్చుపళ్ళు అరుదు. సహజముగా దాని మేత గడ్డి. గడ్డిలో పంటికి అంటుకొను తీపి లేదు. గంటల తరబడి నమలునప్పుడు పీచు పంటిని తుడుచుచునే యుండును. క్షారజలము పుట్టిన ఆమ్లమును పుట్టినట్లే విరుచును. గోవునకు పండ్లపుల్ల అక్కరలేదు, పండ్లపొడి అక్కరలేదు. పచ్చగడ్డియే దాని పండ్లపుల్ల, నెమరే దాని దంతధావనము. అరుదుగా పుచ్చు కనబడినను, అది ముదిమిలో పళ్ళ నడుమ సందులు ఏర్పడి, మేత ఇరుకుకొని కుళ్ళిన చోటనే సాధారణముగా మొదలగును.

కావున గోవు దంతములకు కలుగు ముఖ్యమైన కష్టములు వేరు. అవి అరుగుదల, ఫ్లోరైడు దోషము, చిగుళ్ళ వ్యాధి, దవడ ఎముక వ్యాధి. వీనిని ఒక్కొక్కటిగా చూతము.

అరుగుదల – వయోనిర్ణయము

మన రైతులు పశువు వయస్సును పళ్ళను బట్టియే చెప్పుదురు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలలో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగములు చేయుట తెలుగునాట అందరును ఎరిగినదే. మన దేశవాళీ పశువులలో నడిమి పాలపళ్ళ జత ఊడి, సుమారు 2 నుండి 2½ ఏండ్లకు మొదటి జత పెద్దపళ్ళు వచ్చును. 3 ఏండ్ల దరిదాపున రెండవ జత, 3½ ఏండ్లకు మూడవ జత, 4 నుండి 4½ ఏండ్లకు చివరి జత వచ్చి ఎనిమిది పళ్ళును నిండును. జాతిని, మేపును బట్టి కొన్ని నెలలు అటునిటు కావచ్చును.

అటుపిమ్మట కొత్త పళ్ళు రావు. ఉన్నవి అరుగుటయే. గడ్డిలో, అందును వరిగడ్డిలో, ఇసుకజాతికి చెందిన సిలికా హెచ్చుగా నుండును. పొట్టి గడ్డిని నేలకు ఆనించి మేయు పశువు నోటిలోనికి మట్టియు పోవును. ఈ రెండును ఆకురాయివలె పళ్ళను అరుగదీయును. పదేండ్లు దాటిన గోవునకు ముందుపళ్ళు పొట్టివై, ఒకదానికొకటి ఎడమై, మేకులవలె నిలుచును. మరికొన్ని ఏండ్లకు కొన్ని రాలిపోవును. దవడపళ్ళలో ఒకటి ఊడినచో దాని ఎదుటి పన్ను ఒరయునది లేక పొడవు పెరిగి చిగురులో గ్రుచ్చుకొనును. దవడపళ్ళు వంకరగా అరిగినచో అంచులు కత్తులవలె తయారై బుగ్గను, నాలుకను కోయును. ఆకలి యుండియు అట్టి గోవు నమలజాలదు. నమలనిది అరుగదు. అరుగనిది బలమీయదు. నిండు గాడి ముందు గోవు కృశించుటకు ఇదియే మర్మము.

నీటిలోని విషము – నోరులేని జీవి చెప్పిన సాక్ష్యము

తెలుగునేలకు సంబంధించిన విషయమొకటి ఇచ్చట చెప్పవలసి యున్నది. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతమున 1930 దశకములో రైతులు తమ ఎద్దులు కీళ్ళు పట్టుకొని నడువలేక పోవుటను మొదట గమనించిరని ఫ్లోరోసిస్ చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో మనుష్యులకు ఇదే వ్యాధి యున్నదని శాస్త్రీయముగా వర్ణించి ప్రకటించిరి. కారణము భూగర్భజలములో మితిమీరిన ఫ్లోరైడు. నల్లగొండ జిల్లా ప్రజలు ఈ వ్యాధి చేత తరతరములుగా పడిన బాధ మనకందరకు తెలిసినదే. మనుష్యుని కంటె ముందు ఎద్దు ఆ నీటి దోషమునకు సాక్ష్యము పలికినది. నోరులేని జీవి అందుము గాని, దాని పళ్ళు, కీళ్ళు పలికిన మాటను వినువారు కావలెను.

పంటి గట్టిపొర ఒక్కమారే ఏర్పడును. దవడలోపల పన్ను తయారగుచున్న కాలములో దూడ హెచ్చు ఫ్లోరైడు గల నీరు త్రాగినచో ఆ పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చినప్పుడు తెల్లసున్నపు మచ్చలతోనో, గోధుమరంగు చారలతోనో, గుంటలతోనో వచ్చును. అట్టి పన్ను ఇతర పళ్ళకంటె వేగముగా అరిగిపోవును. పన్ను వచ్చిన పిమ్మట త్రాగిన నీటి వలన ఈ మచ్చలు ఏర్పడవు. కావున ఆరు నెలల ప్రాయము మొదలు నాలుగేండ్ల వరకు పెయ్యలకు, కోడెదూడలకు మంచినీరు ఇచ్చుట ప్రధానము. మనుష్యుల త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. పశువుల తొట్టికి కూడ ఆ నియమమునే పాటించినచో భయము లేదు. గొట్టపుబావి నీటిని ఒకమారు పరీక్ష చేయించుట, దోషమున్నచో చెరువునీటిని గాని నిల్వచేసిన వాననీటిని గాని వాడుట శ్రేయస్కరము. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు విధానమును నాగపురములోని జాతీయ పరిశోధనాసంస్థ రూపొందించగా, దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు నిలిచినది.

చిగుళ్ళ వ్యాధి – దవడ వ్యాధి

పళ్ళ సందులలో పీచు ఇరుకుకొని కుళ్ళినచో చిగురు వాచి, పన్ను పునాది వదులగును. నోటినుండి దుర్గంధము వచ్చును. బ్రెజిల్ దేశములో అడవులను నరికి కొత్తగా బీడులు చేసిన ప్రాంతములలో లేగదూడలకు ఈ వ్యాధి ఉధృతముగా వచ్చి, ముఖము ఒకప్రక్క ఉబ్బి, పళ్ళు ఊడి, మేయలేక మరణించెడివి. అచ్చటివారు దానికి వాచిన ముఖమను అర్థముగల పేరే పెట్టిరి. దవడలో పెద్దపళ్ళు వచ్చుచున్న సమయము చిగుళ్ళకు ఎంత సున్నితమైనదో దీనివలన తెలియుచున్నది.

రెండవది దవడ ఎముకకు వచ్చు గట్టివాపు. మొనలుగల ముతక మేత, ముండ్లు, ఎండుకంపలు నోటిలో చేసిన గాయము ద్వారా గాని, పన్ను వచ్చుచున్న చిగురు ద్వారా గాని ఒక సూక్ష్మజీవి ఎముకలోనికి చేరును. 1877లో హార్జు అను శాస్త్రజ్ఞుడు దీనికి ఆక్టినోమైసిస్ బోవిస్ అను నామకరణము చేసెను. మొదట నొప్పిలేని చిన్న గడ్డవలె తోచును. క్రమముగా దవడ రాయివలె ఉబ్బి, పుండుపడి చీము కారును, పళ్ళు కదలును. మొదటనే పశువైద్యునకు చూపినచో అయోడిను సంబంధమైన మందులతోను, సూక్ష్మజీవి నాశకములతోను అదుపు చేయవచ్చును. ఎముక పాడైన పిమ్మట బాగుపడుట కష్టము. వాపుపై వాతలు పెట్టుట వలన గోవునకు బాధ తప్ప ప్రయోజనము లేదు.

గోగ్రాసమనగా ఎంత?

ఇక భక్తులమైన మన చేతిలోనున్న విషయమునకు వత్తము. గ్రాసమనగా ముద్ద, ఒక్క నోటికి పట్టునంత ఆహారము. గోగ్రాసమను మాటలోనే పరిమాణము చెప్పబడి యున్నది. పూర్వము ఇంటిలో వండిన అన్నములో ఒక ముద్దను తీసి ఇంటి గోవునకు పెట్టి పిదప భుజించెడివారు. ఒక ఇల్లు, ఒక గోవు, ఒక ముద్ద. దానివలన గోవునకు హాని లేదు.

నేడు పరిస్థితి మారినది. గోశాలలో గోవులు కొన్ని, పర్వదినమున వచ్చు భక్తులు వేలు. ఇన్నూరుమంది భక్తులు ఒక్కొక్కరు రెండేసి అరటిపండ్లు ద్వారము దగ్గరనున్న గోవునకే పెట్టినచో అవి నాలుగువందలు. ప్రతివాడును తాను పెట్టినది కొంచెమే యని తలచును. తినునది మాత్రము ఒక్క గోవు. దీనికి తోడు చక్కెరపొంగలి, పులిహోర, బెల్లపుటచ్చులు, నానబెట్టిన బియ్యము.

ఇందువలన పళ్ళకు కలుగు హాని ఒకటి. తీపియు పిండియు పంటికి అంటుకొని, నమలు పని లేక లాలాజలము తగ్గి, ముదుసలి గోవుల పళ్ళసందులలో నిలిచి కుళ్ళును. అంతకంటె ఘోరమైన హాని పొట్టలో కలుగును. రూమెన్‌లోని సూక్ష్మజీవులు గడ్డిని మెల్లగా పులియబెట్టుటకు అలవడినవి. అన్నము, బెల్లము ఒక్కమారుగా వచ్చి పడినచో ఆమ్లమును పుట్టించు సూక్ష్మజీవులు విజృంభించును. ఆమ్ల క్షారములను తెలుపు కొలమానమున 6, 7ల నడుమ నుండవలసిన పొట్ట 5కు, ఇంకను క్రిందికి దిగును. పొట్ట కదలిక నిలిచిపోవును, నెమరు ఆగును. ఒడలిలోని నీరు పొట్టలోనికి లాగబడి గోవు కన్నులు లోతునకు పోవును. పుల్లని వాసనగల పలుచని పేడ పడును. తూలుచు నడిచి కూలబడును. సకాలములో చికిత్స లేనిచో ఒకటి రెండు దినములలో ప్రాణము పోవుటయు కలదు. భక్తితో పెట్టిన పొంగలియే ప్రాణమును తీసినట్లగును. మనము చేసినది సేవయా, మరేమైననా యని యోచింపవలెను.

కావున గోశాలకు పోవునప్పుడు పచ్చగడ్డి మోపును గాని, అవిసె ఆకును గాని, చిన్నముక్కలుగా తరిగిన కూరగాయలను గాని కొనిపోవుదము. దానినైనను మన చేతితోనే పెట్టవలెనను పట్టుదల విడిచి గోశాలవారికి అప్పగింతము. ఏ గోవునకు ఎంత యవసరమో వారెరుగుదురు. మామిడిటెంక, పెద్ద దుంప, కొబ్బరిచిప్ప గొంతులో అడ్డుపడునని మరువరాదు. చేతితో పెట్టవలెనను కోరిక బలముగా నున్నచో నాలుగు గడ్డిపోచలు పెట్టుదము. ఆ గ్రాసము చాలును.

పూషుడు – నచికేతుడు

దక్షయజ్ఞ కథ మనము విన్నదే. అందు వీరభద్రుడు పూషుడను దేవతకు పళ్ళు రాలగొట్టెను. ఆ పూషుడు ఎవరనగా, దారితప్పిన పశువులను వెదకి తెచ్చి కాచు వైదిక దేవత. పళ్ళులేని ఆయనకు నమలవలసిన పదార్థము గాక, పిండితో చేసిన మెత్తని ఆహారమును సమర్పించుట వైదిక విధి. పశువులను కాచు దేవతయే పళ్ళు లేనివాడగుట, ఆయనకు మెత్తని నివేదన ఏర్పడుట మనము తలపోయదగిన విషయము. పళ్ళులేని వానికి పళ్ళున్నవాని భోజనము పెట్టుట పెట్టకపోవుటతో సమానము. దేవతకు చూపిన ఆ శ్రద్ధను పళ్ళుడిగిన గోవునకు చూపుట మన ధర్మము.

కఠోపనిషత్తులో నచికేతుని తండ్రి యజ్ఞము చేసి గోవులను దానమిచ్చుచుండగా, ఆ బాలుడు వానిని చూచి దుఃఖించెను. అవి ఇక నీరు త్రాగుటకును, గడ్డి మేయుటకును శక్తి లేనివి, పాలు పిండుకొనుట ముగిసినవి. అట్టి వానిని ఇచ్చిన దాతకు ఆనందము లేని లోకములు ప్రాప్తించునని ఆ బాలుడు భయపడెను. నేడు పాలు ఉడిగిన గోవును గోశాలకు అప్పగించి, దానము చేసితిమని తృప్తి పడువారు ఈ కథను మరల చదువవలెను. ముసలి గోవును గోశాలకు ఇచ్చుట తప్పు కాదు. దాని పోషణభారమును తీసికొనక, గోవును మాత్రము అప్పగించుట దానము కాజాలదు. గోవుతో పాటు దాని శేషజీవితమునకు కావలసిన మేతకు తగిన ద్రవ్యమును సమర్పించినచో అది నిజమైన దానము.

దూడల విషయమును ఇట్టిదే. వేములవాడలో కోడెమొక్కు, సింహాచలములో కోడెదూడ సమర్పణ ప్రసిద్ధములు. మొక్కు తీర్చుకొనువారు దూడ నోటిని ఒకమారు చూడవలెను. ముందుపళ్ళు కనబడినంత మాత్రమున అది గడ్డి తిని బ్రతుకగలదని తలంపరాదు. మొదటి రెండు మూడు నెలలు దానికి పాలే ఆధారము. గడ్డిని అరిగించు పొట్ట అప్పటికి తయారు కాదు. తల్లినుండి విడదీసిన పాలదూడను సమర్పించుట దైవమునకు ప్రీతికరము కాజాలదు. పాలు మరచి, గడ్డికి అలవడిన దూడను సమర్పించుటయే యుక్తము.

గుర్తింపవలసిన లక్షణములు – చేయవలసిన సేవ

పళ్ళబాధ గల గోవు సగము నమలిన మేతను ముద్దలుగా నోటినుండి జారవిడుచును. తలను ఒకప్రక్కకు వంచి నమలును. చొంగ కారును. చల్లని నీరు త్రాగుటకు జంకును. పేడలో నలుగని గింజలు, పొడవైన పీచు కనబడును. నోరు దుర్వాసన కొట్టును, దవడ వాచును. వీనిలో రెండు మూడు కనబడినప్పుడు పశువైద్యుని పిలువవలెను. ఒక ముఖ్యమైన హెచ్చరిక. చొంగ కార్చుచు మ్రింగలేని పశువునకు గాలికుంటు కావచ్చును, పిచ్చికుక్క కాటు వలన వచ్చు రేబిస్ కూడ కావచ్చును. గొంతులో ఏదో అడ్డుపడినదని తలంచి ఒట్టిచేతిని నోటిలో పెట్టరాదు. అది ప్రాణాపాయము. గాలికుంటునకు ప్రభుత్వము వేయించు టీకాలను తప్పక వేయించవలెను.

వాడిగా నిలిచిన పంటి అంచులను పశువైద్యులు ఆకురాయివంటి పనిముట్టుతో నున్నచేయగలరు. బాధించు పన్నును మత్తిచ్చి తీయగలరు. ఈ పనులను తెలియనివారు చేయరాదు.

గోశాలలలో పళ్ళుడిగిన గోవులకు వేరుగా ఒక గాడి ఏర్పాటు చేయుట మొదటి సేవ. లేనిచో బలముగల గోవులు వానిని నెట్టివేయును. గడ్డిని అంగుళము పొడవున ముక్కలుగా నరికి పెట్టవలెను. తవుడు, తెలగపిండి మితముగా నానబెట్టి మెత్తగా చేసి ఈయవలెను. ముతక ఎండుగడ్డికి బదులు లేత పచ్చగడ్డియో, పాతరగడ్డియో ఈయవలెను. అయితే పీచు పూర్తిగా మానరాదు. నమలుట తగ్గినచో లాలాజలము తగ్గును, లాలాజలము తగ్గినచో పొట్ట చెడును. నమలుటకు హెచ్చు కాలము పట్టును గనుక ఈ గోవుల ముందు మేతను తొందరపడి తీయరాదు. ఖనిజలవణ మిశ్రమము అందరు గోవులకును అవసరము. భాస్వరము తక్కువైన పశువు ఎముకలు, రాళ్ళు కొరుకుటకు పూనుకొని పళ్ళను పోగొట్టుకొనును. సంవత్సరమునకు ఒకమారైనను ప్రతి గోవు నోటిని వైద్యునిచే చూపించి, ఏ గోవునకు ఏ మేత యని వ్రాసి ఉంచుట మంచిది. కనుమ పండుగనాడు కొమ్ములకు రంగు వేయుటతో పాటు పళ్ళను చూపించు ఆచారమును మనము నెలకొల్పినచో, రాబోవు తరము దానిని పాటించును.

భక్తులారా! ఇవి అన్నియు గొప్ప ధనము కావలసిన పనులు కావు. గడ్డి నరుకు యంత్రమొకటి, వేరు గాడి యొకటి, వైద్యుని రాక యొకటి. మన ఊరి గోశాలకు ఈసారి వెళ్ళినప్పుడు, ఇచ్చట పళ్ళులేని గోవులు ఎన్ని, వానికి మేత ఎట్లు పెట్టుచున్నారని అడుగుదము. ఆ అడుగుటతోనే సేవ ఆరంభమగును. గోమాత సుఖముగా మేసి, సుఖముగా నెమరువేయుగాక!

శుభమ్.